తల ఎత్తని పిల్ల

ముందే చెప్పేస్తాను, లేకపోతే దారిలో ఎక్కడో మీరు నన్ను మంచిదాన్ని అనుకునే ప్రమాదం ఉంది. మా బడిలో ఒక పిల్లకు చెవులు పోతున్నాయి. పిల్లల్ని గమనించడమే ఉద్యోగంగా పెట్టుకున్న మేమిద్దరం దాన్ని ఏకాగ్రత అనుకున్నాం. అనుకుని ఊరుకున్నామా, లేదు. వచ్చినవాళ్లకల్లా చూపించి మురిసిపోయాం. ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ సంగతి గుర్తొస్తే ఒళ్లు జల్లుమంటుంది.

అరకు చుట్టుపక్కల కొండల మీద మాంటిస్సోరి బళ్లలో చేరుతున్న అమ్మాయిలు కొందరు ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవాలు రాసి పెట్టండి" అంటున్నారు. నేను ఎక్కడ ట్రైనింగ్ అయ్యాను, ఎప్పుడు సీనియర్‌ని అయ్యాను, ఆ గొడవంతా మీకు అక్కర్లేదు. ఒక్క పిల్ల సంగతి చెబుతాను. అది అర్థమైతే ఈ పని సగం వచ్చినట్టే. మిగతా సగం నాకూ రాలేదు.

గాజులు

నాది విజయనగరం వైపు పల్లె. అక్కడ మామూలు బడిలో చాలాకాలం చెప్పాను. ఆ బడిలో టీచరంటే గొంతు. హాజరు పిలవాలి, ఎక్కాలు చెప్పించాలి, వెనక బెంచీలో కునికేవాణ్ణి పేరు పెట్టి లేపాలి. నా గొంతు రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా పాఠం చెబుతుందని ఊళ్లో అనుకునేవారు. అది మెప్పో ఎగతాళో నేనెప్పుడూ అడగలేదు. మా ఆయనకు అరకు బదిలీ అయ్యాక, కొండ ఊళ్ల పిల్లల కోసం ఒక ట్రస్టు నడిపే చిన్న మాంటిస్సోరి బడిలో చేరాను. ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా పిల్లలంతా ఒకే గదిలో ఉంటారు. పెద్దవాళ్లం ఇద్దరమే.

రెండో మనిషి వసుంధర గారు, బడి పెద్ద. మద్రాసులో చదువుకుని వచ్చారు. ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. పిల్లలు ఆవిడను పెద్దక్క అనేవారు, నన్ను అక్క అనేవారు. చేరిన రోజే ఆవిడ నా చేతుల వైపు చూసి మెల్లగా, "అమ్మాజీ గారూ, ఆ గాజులు తీసేస్తారా? చప్పుడుకి పిల్లల ధ్యాస చెదురుతుంది" అన్నారు.

మొగుడు నిక్షేపంలా ఉండగా గాజులు తీయమనడమేమిటి? ఇంటికెళ్లి చెబితే మా అత్తగారు చేతిలో అన్నం ముద్ద కంచంలో వదిలేసి, "రేపట్నుంచి ఆ బడికెల్లకు" అన్నారు. నేను బడి మానలేదు, గాజులూ తీయలేదు. వాటి మీద చేతిరుమాళ్లు బిగించి కట్టుకుని వెళ్లాను. వసుంధర గారు ఆ రుమాళ్లు చూసి, నన్ను గదిలోకి తీసుకెళ్లారు. రెండు చేతులకూ దెబ్బలు తగిలినదానిలా ఏళ్ల తరబడి ఆ బడిలో తిరిగాను.

ఆవిడ పద్ధతులు ఇవి. పనిలో ఉన్న పిల్లను పేరు పెట్టి పిలవకూడదు. గది ఈ చివర నుంచి ఆ చివరకు మాట విసరకూడదు. పిల్లతో పనుంటే నడిచి దగ్గరకు వెళ్లాలి, ఎదురుగా కూర్చోవాలి, భుజం మీద చెయ్యి వేయాలి, పిల్ల కళ్లెత్తి చూశాక అప్పుడు మాట్లాడాలి. కొత్త పని నేర్పేటప్పుడు మాటలు తగ్గించి చేతులతో నిదానంగా చేసి చూపాలి. హాజరు పిలవడం లేదు. గంట కొట్టడం లేదు. భోజనానికి లేవాలంటే గదిలో లైటు ఒకసారి ఆర్పి వెలిగిస్తాం.

అన్నీ మంచి పద్ధతులే. ఇప్పటికీ అదే అంటాను. కానీ పై నాలుగు మాటలూ మళ్లీ చదవండి. చెవులు వినపడని పిల్ల ఒకతె ఆ గదిలో ఉంటే ఎవరికి తెలుస్తుంది? నా పాత బడిలో అయితే హాజరు పిలిచిన మొదటి రోజే బయటపడేది.

స్టూలు

రోజూ కాసేపు గది మూలన స్టూలు మీద కూర్చుని పిల్లల్ని చూడాలి. సాయం చేయకూడదు, తప్పు దిద్దకూడదు, నవ్వకూడదు. చూడాలి. మొదట్లో నాకు అది జీతం తీసుకుని కూర్చునే శిక్షలా ఉండేది.

ఆకుల బొమ్మల అట్టలని ఉంటాయి. గుండ్రటి ఆకు, గుండె ఆకారం ఆకు, కోల ఆకు. పిల్లలు బయట నుంచి ఆకులు తెచ్చి సరైన అట్ట మీద పెట్టాలి. ఒక గుంటడు అట్టలన్నీ పక్కకు నెట్టేసి, తెచ్చిన ఆకులు మూడు కుప్పలు వేశాడు. అలా మూడు రోజులు అదే పని. నా చేతులు దురదపెట్టాయి గానీ ఊరుకున్నాను. ఆఖరికి వాడే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. "ఇయ్యి విస్తరి కుట్టడానికి. ఇయ్యి మేకకి. ఇయ్యి దేనికీ పనికిరావు." వాళ్లమ్మ అడ్డాకుల విస్తళ్లు కుట్టి సంతలో అమ్ముతుంది. స్టూలు మీద కూర్చోకపోతే వాడికి ఆకుల పాఠం రాలేదని చెప్పేదాన్ని. ఆ రోజు నుంచి నాకు స్టూలంటే నమ్మకం కుదిరింది. ఎంత నమ్మకమంటే, దాని మీద కూర్చుంటే అన్నీ కనిపిస్తాయని అనుకునేంత.

సుక్రి

ఆ కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం ఉంది. శుక్రవారం పుట్టింది కనుక సుక్రి. ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న గాసికి కొంచెం కాఫీ తోట, కొంచెం రాగి చేను, అక్కడ చోళ్లంటారు. బడిలో చేరినప్పుడు ఆ పిల్ల అందరిలాంటిదే. గలగలా మాట్లాడేది, కొట్లాడేది, నా రుమాళ్లు విప్పి గాజులు లెక్కపెట్టేది. రెండో ఏడు మారిపోయింది. గొంతు చిన్నదయింది. గొడవ మానేసింది. పని ముందు కూర్చుంటే లేచేది కాదు. చుట్టూ ఎవరు నడిచినా, ఎవరు ఏడ్చినా తల ఎత్తేది కాదు.

మామూలు బడివాళ్లు అయితే ఈ పిల్లకు ఏమైందని అడిగేవారు. మేము మాంటిస్సోరివాళ్లం. పిల్ల పనిలో మునిగిపోయి లోకాన్ని మరిచిపోవడం కోసమే మేము తపస్సు చేస్తాం. అలాంటి పిల్ల ఎదురుగా కూర్చుని ఉంటే వసుంధర గారి కళ్లు చెమర్చేవి. "చూడండి అమ్మాజీ గారూ, ఎంత లోతుకు వెళ్లిందో" అనేవారు. నేనూ తలూపేదాన్ని.

ఒక సంత రోజు గాసి బడికి వచ్చాడు. బుట్ట కింద పెట్టి, గడప బయటే నిలబడి, "పెద్దమ్మా, మా గుంట పిలిత్తే పలకట్లేదు. ఇంటికాడ ఎన్ని కేకలేసినా ఇటు సూడదు" అన్నాడు.

వసుంధర గారు అతన్ని లోపలికి రమ్మని, కుర్చీ వేసి, ఎంతో మర్యాదగా చెప్పారు. "కేకలు ఎందుకు వేస్తారు గాసి గారూ? ఆ పిల్ల మనసు లోపల పెద్ద పని జరుగుతోంది. దూరం నుంచి పిలవకండి. దగ్గరకు వెళ్లి, ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి మాట్లాడండి."

గాసి తలూపి వెళ్లాడు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, "మీరు సెప్పినట్టే సేత్తన్నామమ్మా. ఇపుడు బాగానే పలుకుతాంది" అన్నాడు. మేమిద్దరం ఎంత పొంగిపోయామో చెప్పలేను. ఇంటివాళ్లు కూడా మన పద్ధతి నేర్చుకున్నారని ఆ సాయంత్రం టీలో ఇంకో చెంచా పంచదార వేసుకున్నాం.

పళ్లెం పడ్డ రోజు

ట్రస్టుకు సాయం చేసేవారు ఒకాయన పట్నం నుంచి చూడ్డానికి వచ్చారు. సుక్రి వరండాలో వెయ్యి పూసల గొలుసు పరుచుకుని కూర్చుంది. పదేసి పూసలు ఒక తీగకు గుచ్చి, అలాంటి తీగలు వరసగా కలిపిన గొలుసు అది. వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా వస్తుంది. ఒక్కో పూసా వేలితో తాకుతూ లెక్కపెట్టుకుంటూ పోవాలి. మధ్యలో మాట కలిపితే లెక్క పోతుంది.

అప్పుడు వంటామె చేతిలోంచి స్టీలు గ్లాసుల పళ్లెం జారి, గ్లాసులన్నీ మెట్ల మీద దొర్లుకుంటూ పోయాయి. ఆ చప్పుడుకి వచ్చినాయన ఉలిక్కిపడి చేతిలో టీ ఒలకబోసుకున్నారు. పిల్లలంతా పరిగెత్తుకొచ్చారు. సుక్రి వేలు పూస మీద నుంచి పూస మీదకు పోతూనే ఉంది. కనురెప్ప కూడా కదల్లేదు.

ఆయన చాలాసేపు చూసి, "ఇలాంటిది నేను ఎక్కడా చూడలేదండీ" అన్నారు. ఫోన్ తీసి వీడియో పట్టుకున్నారు. వసుంధర గారు నా వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పాపం, ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను మళ్లీ చూడ్డానికి చాలాకాలం పట్టింది.

మౌనం ఆట

మా గదిలో మౌనం ఆట అని ఒకటి ఆడించేవాళ్లం. పిల్లలంతా కళ్లు మూసుకుని చాప మీద కూర్చుంటారు. వసుంధర గారు పక్క గదిలోకి వెళ్లి తలుపు వెనక నుంచి ఒక్కొక్క పేరూ గుసగుసగా పిలుస్తారు. పేరు విన్న పిల్ల చప్పుడు చేయకుండా లేచి ఆవిడ దగ్గరకు వెళ్లాలి. పిలిచేది ఎప్పుడూ ఆవిడే. నేను కూడా పిల్లల ముందు కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని.

పళ్లెం పడిన వారమే అనుకుంటాను, నాకు మోకాలు పట్టేసింది. కింద కూర్చోలేక స్టూలు వెనక్కి లాక్కుని కూర్చున్నాను. కళ్లు మూయలేదు. తలుపు వెనక నుంచి గాలిలా, "సుక్రి" అని వినపడింది.

సుక్రి కదల్లేదు. పక్కన కూర్చున్న బుదరి కాలు మెల్లగా జరిగి, బొటనవేలితో సుక్రి పాదాన్ని నొక్కింది. సుక్రి కళ్లు తెరిచి, లేచి, పిల్లిలా నడుచుకుంటూ తలుపు వైపు వెళ్లిపోయింది.

బుదరి తొమ్మిదేళ్ల పిల్ల, సుక్రికి జతగత్తె. ఆట అయ్యాక దాన్ని పంపు దగ్గరకు తీసుకెళ్లాను. దొంగాట ఆడిందని నాలుగు చీవాట్లు పెడదామనే నా ఉద్దేశం.

"ఏటే బుదరీ, సుక్రి కాలెందుకు తొక్కినావు?"

"పెద్దక్క పిలిసింది కదా."

"పిలిస్తే అదే లెగుస్తాది. నీకెందుకు?"

బుదరి నన్ను వింతగా చూసింది. "దానికి ఇనబడదు కదక్కా."

"ఇనబడదంటే?"

"సెవులు ఇనబడవు. ఎదురుగుండా ఉండి మాటాడితే నోరు సూసి పోల్చీసుకుంటాది. ఎనకాల నుంచి పిలిత్తే ఇనబడదు. అందరికీ తెలుసు."

పంపు పట్టుకుని నిలబడ్డాను. "అందరికీ అంటే ఎవరికే? మరి మాకు సెప్పలేదేం?"

"మీకు తెలుసు కదా" అంది బుదరి. "మీరూ అలాగే సేత్తారు. దగ్గరికొచ్చి, భుజం మీద సెయ్యేసి, ఎదర కూకుని మాటాడతారు. సుక్రి కోసమే అనుకున్నాం."

రుమాలు విప్పడం

వసుంధర గారికి చెబితే ఆవిడ నమ్మలేదు. కోపం కూడా వచ్చింది. కోపం వస్తే ఆవిడ గొంతు ఇంకా తగ్గుతుంది. "ఆ పిల్ల ఏకాగ్రత మీకు అర్థం కాలేదు అమ్మాజీ గారూ. పిల్లలు ఏదో ఆట కట్టి ఉంటారు" అన్నారు.

వాదించే ఓపిక నాకు లేకపోయింది. గదిలోకి నడిచాను. సుక్రి గోడ వైపు తిరిగి దేశపటంలో రంగులు వేస్తోంది. దాని వీపు వెనక నిలబడి, రెండు చేతుల రుమాళ్లూ విప్పి, గాజులు గలగలమని ఊపాను. ఆ గదిలో అంత చప్పుడు ఎన్నడూ పుట్టలేదు. పిల్లలంతా ఒక్కసారి తిరిగి నోళ్లు తెరుచుకుని చూశారు. సుక్రి నీలం రంగు పెన్సిల్ సముద్రం మీద అటూ ఇటూ పోతూనే ఉంది.

మళ్లీ ఊపాను. ఇంకా దగ్గరగా, చెవి పక్కన. అంతే.

వసుంధర గారు పిల్లల చిన్న కుర్చీ ఒకటి లాక్కుని అందులో కూలబడ్డారు. ఆవిడ కూర్చోవడం కంటి చివర కనబడి సుక్రి తల తిప్పి, అందరూ తనను చూస్తున్నారని గ్రహించి, ఏం తప్పు చేశానో అన్నట్టు పెన్సిల్ కింద పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం నేను స్టూలు మీద కూర్చుని చూసిన గది నాకు కొత్త గది. అవే పిల్లలు, అవే చాపలు. సుక్రితో మాట్లాడేవాళ్లందరూ ముందు కిటికీ వైపుకు జరిగి, వెలుగు తమ ముఖం మీద పడేలా నిలబడుతున్నారు. ఆరేళ్ల పిల్లలు కూడా. నోరు పెద్దదిగా తెరిచి మాటను సాగదీస్తున్నారు. ఎవరైనా గదిలోకి వస్తే సుక్రి పక్కనున్నవాళ్లు దాని జడ తాకుతున్నారు. కొత్తగా చేరిన ఒక గుంటడు వెనక నుంచి పిలిస్తే, పెద్దపిల్ల ఒకతె వాణ్ణి భుజాలు పట్టి తిప్పి సుక్రి ఎదుట నిలబెట్టింది. ఇదంతా వాళ్లకు ఎవరు నేర్పారు? ఒకరికొకరు నేర్పుకున్నారు. మా కళ్లముందే ఒక పాఠం ఏడాదిగా నడుస్తోంది. మేము పూసలు చూస్తూ కూర్చున్నాం.

డాక్టరమ్మ

మర్నాడు వాళ్లమ్మ సన్మిని వెంటబెట్టుకుని సుక్రిని ఆసుపత్రికి తీసుకెళ్లాం. చలికాలం. కొండ పిల్లలంతా చెవులు మూసే ఉన్ని టోపీలు పెట్టుకుని వస్తారు. డాక్టరమ్మ సుక్రి టోపీ తీసింది. చెవుల్లో దూది. దూది తీస్తే వచ్చిన వాసనకు నేను ముఖం తిప్పుకున్నాను. సన్మి ఆకు పసరు వెచ్చజేసి పోస్తున్నానని మెల్లగా చెప్పింది. చలికాలం వస్తే చెవి కారని పిల్ల ఉంటుందా అని ఆమె అనుకుంది. నిజం చెప్పాలంటే మేమూ అదే అనుకున్నాం.

డాక్టరమ్మ దీపం పెట్టి చాలాసేపు చూసింది. వయసులో మా అమ్మాయికంటే చిన్నది. "కుడి చెవిలో కర్ణభేరికి రంధ్రం పడింది. దానికి అతుకు వేయొచ్చు. ఎడమ చెవి వెనక ఎముకను జబ్బు తినేస్తోంది. ఇంకా ఆలస్యం చేస్తే మెదడుకు పోతుంది. ఈ వారంలోనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలి" అంది. తర్వాత మా ఇద్దరి చీరలూ కళ్లజోళ్లూ చూసి, "మీరు టీచర్లా? ఈ పిల్లకు పెద్ద శబ్దాలు కూడా ఎక్కడో ఆమడ దూరంలో ఉన్నట్టు వినపడతాయి. ఇన్నాళ్లు మీకు తెలియలేదా?" అని అడిగింది.

 

గాసి ఇంటి ముందు

గాసి వాకిట్లో కాఫీ గింజలు ఆరబోసి చేతులతో తిరగేస్తున్నాడు. సన్మి వాళ్ల భాషలో అంతా చెప్పింది. అతను చేతులు ఆపలేదు. చెప్పడం అయ్యాక కూడా ఆ చివర దాకా గింజలు తిరగేసుకుంటూ వెళ్లి, మళ్లీ ఈ చివరకు వచ్చి అప్పుడు తలెత్తాడు.

"నాను సెప్పినాను కదమ్మా" అన్నాడు.

అంతే అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. నేను అరుపులకు అలవాటు పడ్డదాన్ని.

"పిలిత్తే పలకట్లేదని సెప్పినాను. పిల్లల్ని సూడ్డమే మీ పని, మీకు తెలుత్తాదని మీ మాట ఇన్నాను. ఇంటికాడ దాన్ని పిలవడమే మానీసినాం. మాయమ్మ ఓపాలి కేకేత్తే మాయమ్మని తిట్టినాను."

వసుంధర గారు గింజల పక్కనే నేల మీద కూర్చున్నారు. ఆవిడ చీర కొంగు మట్టిలో పడింది, తీసుకోలేదు. "తప్పు నాది గాసి గారూ. మీరు సరిగ్గా చూశారు. నేను చూడలేదు" అన్నారు.

"ఇంక బడికి పంపను."

"పంపకండి. ఆసుపత్రికి మాత్రం పంపండి. ఈ వారం దాటకూడదు."

గాసి మళ్లీ గింజలు తిరగేయడం మొదలుపెట్టాడు. మా మాట ఒకసారి విని అతను ఏడాది పోగొట్టుకున్నాడు. ఇప్పుడు మళ్లీ మా మాటే ఎందుకు వినాలి? వినకపోతే పిల్ల ఏమవుతుంది? సుక్రి గడప మీద కూర్చుని మా ముగ్గురి నోళ్లూ మార్చి మార్చి చూస్తోంది. దాని గురించే మాట్లాడుకుంటున్నామని దానికి తెలుసు.

చివరికి గాసి లేచి చేతులు దులుపుకున్నాడు. "ఆసుపత్రికి నానే తీసుకెల్తాను. కానీ అక్కడ నా మాట ఎవులింటారు? ఈ లైన్లో నిలబడు, ఆ లైన్లో నిలబడు అంటారు. మీరూ రండి. నా మాట మీరు ఇనకపోయినా, మీ మాట ఆళ్లు ఇంటారు."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. వసుంధర గారు అలాగేనని తలూపారు. మర్నాడు తెల్లవారగానే కొండ దిగి వెళ్లారు. ఆపరేషన్ అయి, కట్లు విప్పేదాకా ఆవిడ బడికి రాలేదు. ఆసుపత్రి వరండాలో పేర్లు గట్టిగా కేకవేసి పిలుస్తారు. ఏ పేరు పిలిచినా పెద్దమ్మ ఉలిక్కిపడి లేచి నిలబడేవారని తర్వాత గాసే నాకు చెప్పాడు.

మీకు చెప్పేది

మీరు ఈ పనిలోకి వస్తే ఎవరో ఒకరు మీకు స్టూలు చూపిస్తారు. కూర్చోండి. కానీ చూసినదాన్నే రాయండి. "పళ్లెం పడింది, పిల్ల తల ఎత్తలేదు" అని రాసి ఉంటే, ఏ వంటామెకు చదివి వినిపించినా "చెవులు చూపించండమ్మా" అనేది. మేము "అద్భుతమైన ఏకాగ్రత" అని రాశాం. ఆ ముక్క చదివితే ఎవరైనా చప్పట్లు కొడతారు తప్ప టోపీ తీసి చూడరు.

మీకు ఏ ఇబ్బందీ పెట్టని పిల్లను ఎక్కువ చూడండి. అల్లరి పిల్లలు తమ సంగతి తామే చెప్పుకుంటారు. గొంతు తగ్గిపోయిన పిల్ల మీ బడికి సుగుణాల మూటలా కనిపిస్తుంది, ఆ మురిపెం చాలా చెడ్డది. తల్లిదండ్రులు గడప దగ్గర నిలబడి ఏదైనా అంటే వాళ్లకు పాఠం చెప్పడం మొదలుపెట్టకండి. పిల్లను పుట్టినప్పటి నుంచి చూస్తున్నది వాళ్లు. ఇక తోటి పిల్లల్ని అడగండి. మేము ఎన్నో ట్రైనింగులకు వెళ్లాం గానీ, ఏడాది పాటు బుదరిని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంకొకటి. నెలకోసారి ప్రతి పిల్లనూ వెనక నుంచి పేరు పెట్టి పిలవండి. మీ బడి పెద్ద ఒప్పుకోకపోతే నా పేరు చెప్పండి. ఎలాగూ రిటైరయ్యాను, నన్ను ఎవరూ ఏమీ చేయలేరు.

మళ్లీ పూసలు

సుక్రి బడికి రాదనే అనుకున్నాం. వానలు వెనకపట్టాక ఒక పొద్దున గాసి దాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇంటికాడ ఉండనంటాంది. బుదరి కావాలంట" అన్నాడు. మా ఇద్దరి వైపూ చూడకుండా, "ఈసారి సూత్తా ఉండండి" అని వెళ్లిపోయాడు.

ఎడమ చెవిలో జబ్బు తీసేశారు, వినికిడి మాత్రం రాలేదు. చెవి వెనక జుట్టు పొట్టిగా ఉంది, మధ్యలో గీతలా మచ్చ. కుడి చెవి అతుక్కుంది, వినపడుతుందని డాక్టర్లు చెప్పారు. చెప్పారు గానీ మాలో ఎవరికీ నమ్మే ధైర్యం లేదు. పిల్లలు కూడా పాత అలవాటు ప్రకారం కిటికీ వైపుకు జరిగే మాట్లాడుతున్నారు.

సుక్రి తిన్నగా వెళ్లి వెయ్యి పూసల గొలుసు తెచ్చుకుని వరండాలో పరిచింది. బుదరి పక్కన కూర్చుంది. గొలుసు సగం పైగా లెక్కపెట్టేసరికి వసుంధర గారు గదిలోంచి వచ్చి దాని వెనక కుడివైపు నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు, విప్పారు, మళ్లీ కట్టుకున్నారు. నేను స్టూలు మీద నుంచి చూస్తున్నాను. ఆవిడ ఏం చేయబోతున్నారో నాకు తెలియలేదు.

"సుక్రీ" అన్నారు.

గట్టిగా కాదు, మామూలు గొంతుతోనే. అయినా గదిలో పిల్లలంతా చేతుల్లో పనులు ఆపేసి ఆవిడ వైపు నిర్ఘాంతపోయి చూశారు. పనిలో ఉన్న పిల్లను పెద్దక్క పేరు పెట్టి పిలవడం వాళ్లు ఎన్నడూ వినలేదు. బుదరి కాలు అలవాటు కొద్దీ సుక్రి పాదం వైపు జరిగింది, మధ్యలో ఆగిపోయింది. అప్పటికే సుక్రి తల ఎత్తి వెనక్కి తిరిగింది.

వసుంధర గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా కళ్లకు ఏమీ కనిపించలేదు, రుమాలుతో తుడుచుకుంటుంటే గాజులు మోగాయి. సుక్రి నా వైపు కూడా ఒకసారి చూసింది. దాని ముఖం చిరాగ్గా ఉంది.

"లెక్క పోయింది పెద్దక్కా" అంది. "పని సేత్తన్నపుడు పిలవకూడదని మీరే కదా సెప్పినారు."

"తప్పయిపోయిందమ్మా" అన్నారు వసుంధర గారు.

సుక్రి లేచి గొలుసు మొదటికి వెళ్లి, కూర్చుని, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.